సాలూరు ఘాట్‌లో మాత్రమే వచ్చే జబ్బు: ఒక డీజిల్ టాక్సీ కేసు

నా మెకానిక్ షెడ్డుకు వచ్చిన ఈ బండిని నేను మొదటిసారి తప్పుగా చూసి పంపించేశాను. రెండోసారి వచ్చాక గానీ అసలు సంగతి దొరకలేదు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో చెప్పకపోతే ఈ కేసు రాసి ప్రయోజనం లేదు కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను.

బండి 1.3 లీటర్ కామన్‌రైల్ డీజిల్, ఏడు సీట్లది. ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే టర్బో వీజీటీ రకం, అంటే లోపల వేన్లు (సన్నని రెక్కలు) తెరుచుకుంటూ మూసుకుంటూ గాలి ప్రెషర్‌ను సర్దుతాయి. ముందు భాగంలో టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉంది. 2015 మోడల్, మీటరు మీద 1,62,000 కిలోమీటర్లు. టాక్సీ ప్లేటు. విజయనగరం నుంచి కోరాపుట్, జయపురం వైపు ట్రిప్పులు ఎక్కువ. గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు దాకా ఈ బండికి ఏ ఇబ్బందీ లేదు. సాలూరు దాటి ఘాట్ మొదలయ్యాకే తంటా.

డ్రైవర్ నాకు కొత్త మనిషి. నలభై దాటి ఉంటాయి. సిరిమాను జాతర ముందు వారం, షెడ్డు నిండా బండ్లు ఉన్నప్పుడు వచ్చాడు.

"ఘాటీ ఎక్కట్లేదు గురువుగారూ. రెండో గేరులో కూడా లాగట్లేదు. నల్లగా పొగ. చెక్ లైట్ వచ్చీసింది."

"ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే?"

"బాగానే ఎల్తాది. రెండు మలుపులు ఎక్కేసరికి మళ్లీ అదే."

ఈ ఒక్క జవాబుతో చాలా తేలిపోతుంది. తాళం ఆపి వేస్తే బాగుపడి, బరువు పడగానే మళ్లీ చచ్చుబడిందంటే ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, ఏదో లెక్క తప్పడం చూసి బండిని లింప్ మోడ్‌లో, అంటే బలం తగ్గించి నడిపే పద్ధతిలో, పెడుతోందన్నమాట. ఇంజిన్ లోపల పార్టు విరిగినా అరిగినా తాళం తిప్పితే బాగుపడదు కదా.

తర్వాత క్లచ్ సంగతి అడిగాను. ఘాట్‌లో లాగట్లేదని వచ్చే బండ్లలో కొన్నింటికి ఇంజిన్ శుభ్రంగా ఉంటుంది, క్లచ్ జారుతూ ఉంటుంది. అప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తుంది, బండి మాత్రం కదలదు, ఒక్కోసారి కాలిన వాసన కూడా వస్తుంది. ఇతను చెప్పింది వేరు: ముల్లే 2,500 దాటట్లేదు. కాబట్టి క్లచ్ కాదు, ఇంజిన్‌కే ఊపిరి ఆడట్లేదు. టెంపరేచర్ ముల్లు ఎక్కడుండేదని అడిగితే సగానికి కిందే అన్నాడు. రేడియేటర్ సంగతీ పక్కకు పోయింది.

అప్పటికే ఇంకో రెండు చోట్ల చూపించుకున్నాడట. నా జాబ్ కార్డు మీద ఇలా రాసుకున్నాను: ఘాట్‌లో పుల్లింగ్ లేదు, నల్ల పొగ, చెక్ లైట్. ఈజీఆర్ క్లీన్ అయింది. డీజిల్ ఫిల్టర్ మార్చారు. టర్బో పోయిందన్నారు, 42 వేలు అడిగారు. (ఈజీఆర్ అంటే ఇంజిన్ వదిలే పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు.)

ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. తప్పు అందులోనే ఉంది. అది ఎక్కడో తర్వాత చెబుతాను.

స్కానర్ పెడితే పీ0299 కోడ్ వచ్చింది. టర్బో ఇవ్వాల్సినంత ప్రెషర్ ఇవ్వట్లేదని దాని అర్థం. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కోడ్‌లో టర్బో అనే మాట ఉంది కాబట్టి టర్బో మార్చేద్దాం అంటారు. కానీ ఆ కోడ్ చెప్పేది ఫలానా చోట గాలి తక్కువైందనే. ఎందుకు తక్కువైందో చెప్పడం దాని పని కాదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, హోస్ చిరిగినా, వేన్లు మసి పట్టి బిగుసుకున్నా, వాటిని కదిలించే వాక్యూమ్ పైపు లీకైనా, ఈజీఆర్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కున్నా, ప్రెషర్ సెన్సరే అబద్ధం చెప్పినా అదే కోడ్ రావచ్చు.

వీటిని విడదీయడానికి పొగ కొంత పనికొస్తుంది. నల్ల పొగ అంటే డీజిల్‌కు తగ్గ గాలి లేదని. నీలం పొగ అయితే ఇంజిన్ ఆయిల్ మండుతున్నట్టు. టర్బో సీల్ పోయి ఉంటే ఎక్కువగా అదే కనిపిస్తుంది. తెల్ల పొగ రెండు రకాలు. కళ్లు మండించే డీజిల్ వాసన ఉంటే కాలని డీజిల్, ఘాటు వాసన లేని ఆవిరిలా ఉండి కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. చలికాలం ఉదయం పైపులోంచి కాసేపు వచ్చే ఆవిరి చూసి హెడ్ దింపించుకున్నవాళ్లనూ చూశాను, అది వేరే కథ.

డీజిల్ ఫిల్టర్ మూసుకుపోతే కూడా బండి ఎత్తులో లాగదు. కానీ అప్పుడు కొరత డీజిల్‌దే కాబట్టి నల్ల పొగ రాదు. ఈ బండికి పొగ దండిగా వస్తోంది. అంటే ఫిల్టర్ మార్చిన 900 రూపాయలు ఊరికే పోయాయి. ఇంజెక్టర్ కారుతుంటే పొగతోపాటు ఐడిల్‌లో కూడా కుదుపు, టకటక శబ్దం ఉండాలి. ఐడిల్ నున్నగా ఉంది. ఈజీఆర్ తెరుచుకుని ఇరుక్కుంటే ఊళ్లో కూడా బండి మందంగా, పొగతో నడుస్తుంది. ఊళ్లో ఏ బాధా లేదంటున్నాడు.

ఇంతవరకు సరిగానే ఆలోచించాను. తర్వాతే తొందర. ఎయిర్ ఫిల్టర్ తీస్తే మట్టి పట్టి నల్లగా ఉంది. స్మోక్ మెషిన్ పెట్టి గాలి దారి అంతా పొగ పట్టించాను, ఎక్కడా బయటికి రాలేదు. బండి స్టార్ట్ చేసి చూస్తే టర్బో వేన్లను కదిలించే యాక్చుయేటర్ రాడ్ పైకి కదిలింది, చేతి వాక్యూమ్ పంపుతో లాగినా పట్టు నిలిచింది. బైపాస్ మీద ఒక్కణ్ణే మూడో గేరులో ఫుల్‌గా తొక్కి చూస్తే ఈసీయూ 205 కిలోపాస్కల్ ప్రెషర్ అడిగింది, 198 వచ్చింది. పర్వాలేదనిపించింది. ఫిల్టర్ మార్చి, కోడ్ చెరిపి, టర్బో బాగానే ఉంది 42 వేలు పెట్టకు అని గొప్పగా చెప్పి పంపాను.

ఎనిమిది రోజులకు ఫోన్. సాలూరు ఘాట్‌లోనే, వానలో, గుప్తేశ్వరం వెళ్తున్న కుటుంబాన్ని ఎక్కించుకుని, ఏసీ ఆపేసి ఒకటో గేరులో పాకుతున్నాడు. నాకు సిగ్గేసింది. దాచుకోవడం ఎందుకు, ఒక పూట పని మీద ధ్యాస పెట్టలేకపోయాను.

మర్నాడు షెడ్డు మా కుర్రాడికి అప్పజెప్పి, స్కానర్ పట్టుకుని అతని పక్క సీట్లో కూర్చున్నాను. వెనక సీట్లలో బరువు కోసం మూడు ఇసక బస్తాలు, రెండు డ్రమ్ముల నీళ్లు. జబ్బు ఘాట్‌లో వస్తుందంటే ఘాట్‌లోనే చూడాలని సాలూరులో మా గురువు చెప్పేవాడు. లారీల ఊరు అది. నేను పని నేర్చుకున్నదీ అక్కడే. లోడు లేకుండా లారీని పరీక్ష చేస్తే ఆయన పానా విసిరేవాడు. ఖాళీ బండిని బైపాస్ మీద తిప్పి సర్టిఫికెట్ ఇచ్చిన నన్ను చూస్తే ఏమనేవాడో.

గజపతినగరం దాటాక మాటల్లో మాటగా అడిగాను.

"అసలు మొట్టమొదట ఏం తేడా కనిపించింది నీకు?"

"మొదట్లో ఈల లాగ వచ్చేదండీ. సన్నగా. అప్పటికి పొగ లేదు, లైట్ లేదు. పుల్లింగ్ కూడా బాగానే ఉండేది."

"ఎప్పుడు?"

"ఈజీఆర్ క్లీన్ చేయించినాక. పది, పదిహేను రోజులకి."

నేను స్కానర్ ఒళ్లో పెట్టేశాను. "ఈజీఆర్ క్లీన్ చేయించింది ఈ ట్రబుల్ వచ్చిందనే కదా?"

"కాదండి. పొల్యూషన్ సర్టిఫికెట్ అయిపోతోందని, ఎందుకైనా మంచిదని ఆగస్టులోనే చేయించీసినాను. అప్పటికి బండికి ఏ రోగమూ లేదు."

జాబ్ కార్డు మీద నేను 'ఈజీఆర్ క్లీన్ అయింది' అని రాసుకున్నప్పుడు అది వైద్యం అనుకున్నాను. జబ్బు ముందొచ్చింది, దానికోసం ఎవరో ఈజీఆర్ శుభ్రం చేశారు, ఫలితం లేదు కాబట్టి తప్పు ఈజీఆర్‌ది కాదు అని లెక్క వేశాను. నిజానికి వరస తిరగబడింది. ముందు బాగున్న బండిని విప్పారు. తర్వాత ఈల. ఆ తర్వాత పొగ. తర్వాత పుల్లింగ్ పోవడం. చివర్లో లైట్. డ్రైవర్ ఇవన్నీ దాచలేదు. నేనే తేదీలు అడగలేదు.

ఈజీఆర్ విప్పాలంటే ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌కు వచ్చే హోస్ తీయాల్సిందే. కాబట్టి ఘాట్ ఎక్కకముందే నా అనుమానం ఆ హోస్ మీద పడింది. కానీ స్మోక్ టెస్టులో ఏమీ దొరకలేదు కదా అన్న సందేహం కూడా ఉంది. అందుకే లైవ్ డేటాలో రెండు లెక్కలు మాత్రమే పెట్టుకుని చూశాను: ఎయిర్ ఫిల్టర్ పక్కనున్న సెన్సర్ కొలిచే గాలి బరువు, ఇంజిన్ గుమ్మం దగ్గర సెన్సర్ కొలిచే ప్రెషర్.

ఈ రెండూ కలిపి చదవడం వస్తే టర్బో బండ్లలో సగం గొడవలు తీరతాయి. మొదటి సెన్సర్ ఇంట్లోకి వచ్చే సరుకును లెక్కపెడుతుంది, రెండోది పొయ్యి దాకా చేరిందెంతో చెబుతుంది. రెండూ తక్కువైతే టర్బో గాలి లాగట్లేదు: ఫిల్టరో, వేన్లో, వాక్యూమో చూడాలి. మొదటిది బాగా ఉండి రెండోది తక్కువైతే సరుకు దారిలో కారిపోతోంది.

పి.కోనవలస దాటాక రెండో గేరులో నాలుగైదు నిమిషాలు వరసగా తొక్కించాను. మొదటి రెండు మలుపులు అంతా బాగానే ఉంది. తర్వాత ఈల మొదలైంది. ఈల క్రమంగా బుస అయింది. ఈసీయూ అడిగేది 215 కిలోపాస్కల్. వచ్చేది 190, 172, ఆఖరికి 150. గాలి బరువు మాత్రం ఒక్కో స్ట్రోకుకు 610 మిల్లీగ్రాముల దగ్గరే నిలబడింది. ఈ ఇంజిన్ 1,248 సీసీ, ఒక్కో సిలిండర్ వాటా 312 సీసీ. 150 కిలోపాస్కల్ దగ్గర ఆ చోటులో వేడి గాలి మహా అయితే 450 మిల్లీగ్రాములు పడుతుంది. మిగతా 160 ఎక్కడికి పోయింది?

పొగకు కారణం కూడా ఇందులోనే ఉంది. ఈసీయూ మొదటి సెన్సర్ మాట నమ్మి 610కి తగ్గ డీజిల్ కొడుతోంది. లోపలికి చేరింది 450. ఎక్కువైన డీజిల్ నల్లగా బయటికొస్తోంది. అదే వేన్లు బిగుసుకుపోయి ఉంటే గాలి బరువే తక్కువ చూపించేది, డీజిల్ కూడా తగ్గించి కొట్టేది, పొగ ఇంత ఉండేది కాదు. టర్బో పోలేదని అప్పుడు ధైర్యంగా చెప్పగలిగాను. పైగా ప్రెషర్ రావట్లేదని ఈసీయూ టర్బోను ఇంకా గట్టిగా తిప్పిస్తోంది. ఇలాగే ఇంకో ఆరు నెలలు తిప్పి ఉంటే 42 వేల అంచనా నిజమైపోయేది.

దారిలో టీ తాగుతుంటే ఇంకో టాక్సీ అతను, ఎత్తు మీద గాలి పల్చబడుతుంది, అన్ని బండ్లకీ ఇంతే అన్నాడు. వెయ్యి మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి పదో వంతు కంటే కొంచెం ఎక్కువ తగ్గుతుంది, అంతే. టర్బో లేని పాత బండికి అది తెలుస్తుంది. టర్బో బండి ఆ లోటు తనే పూడ్చుకుంటుంది.

బండి పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, టార్చి వేసి కింద నుంచి చూశాం. ఇంటర్‌కూలర్ హోస్ అడుగు భాగం నూనె జిడ్డు, దాని మీద దుమ్ము. ఆ పక్కనున్న బ్రాకెట్ మీద మాత్రం విసనకర్ర ఆకారంలో దుమ్ము లేకుండా తుడిచినట్టు ఉంది. అక్కడ గాలి కొడుతోంది. హోస్‌ను చేత్తో నొక్కి చూస్తే చిరుగు మాత్రం దొరకలేదు.

షెడ్డుకు వచ్చాక ప్రెషర్ టెస్టు చేశాం. స్మోక్ మెషిన్ ఇచ్చే ప్రెషర్ ఒక పీఎస్‌ఐ లోపే. ఘాట్‌లో హోస్ లోపల పడేది పది పీఎస్‌ఐకి పైన. ఆ తేడాను మొదటిసారి నేను పట్టించుకోలేదు. ఈసారి టర్బో ముందు హోస్‌కు పీవీసీ పైపు మూత బిగించి, దానికి టైరు వాల్వ్ పెట్టి, రెగ్యులేటర్ ద్వారా కంప్రెసర్ గాలి ఎక్కించాం. ఇది చేసేటప్పుడు ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ పైపు మూయాలి, లేకపోతే గాలి ఆయిల్ చాంబర్‌లోకి పోయి సీళ్లు ఎగదన్నుతుంది. రెగ్యులేటర్ లేకుండా నేరుగా కంప్రెసర్ పెట్టడం, ఒక బార్ (సుమారు 14.5 పీఎస్‌ఐ) దాటించడం, మూతకు ఎదురుగా నిలబడడం, ఈ మూడూ చేయకూడదు. మూత ఊడి మొహానికి తగిలిన కుర్రాణ్ని చూశాను.

అర బార్ దగ్గర సబ్బు నీళ్లు కదల్లేదు. ఒక బార్ దగ్గర కూడా ఒకటీ అరా బుడగ. అప్పుడు హాట్ గన్‌తో హోస్‌ను రెండు నిమిషాలు వేడి చేశాం. చేప మొప్ప తెరుచుకున్నట్టు క్లిప్పు పక్కన అడుగున మూడు సెంటీమీటర్ల చీలిక తెరుచుకుని నురగ కక్కింది. ప్రెషర్ తీసేయగానే మూసుకుపోయింది, గీత కూడా కనపడదు. వేడి, ప్రెషర్, రెండూ కలిసి కొన్ని నిమిషాలు నిలిస్తేనే అది నోరు తెరుస్తుంది. చదును రోడ్డు మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు ప్రెషర్ పడేది నాలుగైదు సెకన్లే. అందుకే ఘాట్‌లో తప్ప ఈ జబ్బు బయటపడలేదు.

హోస్ తీసి చూస్తే క్లిప్పు ముద్ర రెండు చోట్ల ఉంది. పాత ముద్ర ఒకటి, దానికి అర అంగుళం పక్కన కొత్తది, కొంచెం వంకరగా. ఈజీఆర్ విప్పినవాళ్లు తిరిగి బిగించేటప్పుడు క్లిప్పు అంచు రబ్బరులోకి దిగింది. అయినా గట్టి రబ్బరైతే అంత త్వరగా చిరిగేది కాదు. ఇది లోపలి వైపు ఉబ్బి, గోరుతో నొక్కితే దిగిపోయేంత మెత్తగా ఉంది. లోపల ఆయిల్ చెమ్మ కొంచెం ఉండడం టర్బో బండ్లలో మామూలే. ఇందులో ఒంపితే చెంచాడు కారింది.

మరి ఆ ఆయిల్ ఎక్కడిది? టర్బో షాఫ్టును వేలితో కదిపి చూశాను. పక్కలకు ఉండాల్సిన కొద్దిపాటి కదలికే ఉంది, ముందుకూ వెనక్కూ ఆట లేదు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ మాక్స్ గీత దాటి వేలెడు మందం పైన ఉంది. ఆయిల్ మార్పించినప్పుడు డబ్బాలో మిగలడం ఎందుకని మొత్తం పోయించాడట. కొనుక్కున్నది కదా అన్నాడు, అమాయకంగా. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంక్ చిలికి తుంపర చేస్తుంది, ఆ తుంపర బ్రీదర్ దారిన టర్బోలోకి, అక్కడి నుంచి హోసుల్లోకి పోతుంది. నెలల తరబడి నానిన రబ్బరు మెత్తబడింది. ఎక్కువ ఉన్న ఆయిల్ తీయించి, ఇంటర్‌కూలర్ దింపి లోపల కడిగించాను. అది కడగకుండా కొత్త హోస్ వేస్తే అందులో ఉన్న ఆయిలే దాన్నీ తినేస్తుంది.

కొత్త హోస్ 2,350 రూపాయలు, క్లిప్పులు రెండు 240, ఇంటర్‌కూలర్ దింపి కడగడానికి లేబర్ 1,200. ఘాట్‌కు వెళ్లొచ్చిన డీజిల్ నేనే పెట్టుకున్నాను. మొదటిసారి తీసుకున్న లేబర్ కూడా వెనక్కి ఇచ్చేశాను, ఎయిర్ ఫిల్టర్ డబ్బు మాత్రం ఉంచుకున్నాను. ఆ ఫిల్టర్ ఎలాగూ మార్చాల్సిందే.

మర్నాడు అవే ఇసక బస్తాలతో మళ్లీ ఘాట్ ఎక్కాం. అడిగింది 215, వచ్చింది 209 నుంచి 212 మధ్య. గాలి బరువు 600 చుట్టూ. పొగ లేదు, ఈల లేదు. సుంకి దాకా వెళ్లి తిరిగొచ్చాం. డ్రైవర్ మాత్రం ప్రతి మలుపు దగ్గరా చెక్ లైట్ వంక చూస్తూనే ఉన్నాడు. ఆ భయం పోవడానికి టైం పడుతుంది.

ఆ తర్వాత నా జాబ్ కార్డులో ఒక మార్పు చేశాను. ఫిర్యాదు రాసే గడి పక్కన ఇంకో గడి గీయించాను: ఏది ముందు, ఏది తర్వాత, ఏ నెల. మా కుర్రాడికి అది రాయడం మహా బద్ధకం. 'తెలీదంట' అని రాసేస్తుంటాడు. ఈల ఎప్పుడు మొదలైందో ఇసక బస్తాలతో వెళ్తేనే గానీ తెలియలేదు కాబట్టి వాణ్ని మరీ తిట్టలేను.

ఒక విషయం మిగిలింది. టర్బో వైపు హోస్‌లో, అంటే మార్చని దానిలో, కొంచెం మెత్తదనం ఉంది. చిరగలేదు, క్లిప్పు కూడా సరైన చోటే ఉంది. మార్చేద్దామంటే ట్రిప్పులు సరిగా లేవు, ఈసారి వద్దన్నాడు. పది వేల కిలోమీటర్లకు తీసుకురా, చూద్దాం అన్నాను. ఆయిల్ మాత్రం మిన్, మాక్స్ గీతల మధ్య ఎక్కడుందో వారానికోసారి ఫోటో తీసి పంపమన్నాను. మూడు వారాలు పంపాడు. తర్వాత మానేశాడు. సర్వీసుకు ఇంకా రాలేదు.